చాలమ్మ తల్లి వెలసిన పేర్లగుట్ట

పేర్లగుట్ట దగ్గర బస్సు దిగగానే ముందు కళ్ళు చల్లబడతాయి. చుట్టూ పది మైళ్ళ మేర బోడి రాళ్ళూ, ఎర్రమట్టీ, అక్కడక్కడా తుమ్మచెట్లూ తప్ప మరేమీ కనిపించని సీమలో ఈ ఒక్క గుట్ట మాత్రం తంగేడు పూలతో, రేల చెట్లతో, నెమళ్ళ కేకలతో నిండుగా ఉంటుంది. మెట్ల మొదట్లోనే చెప్పులు వదలాలి. పైన గోపురం లేదు, మండపం లేదు. నాలుగు రాతి స్తంభాల నడుమ ఉలి తగలని నల్లరాయి ఒకటుంది. ఆమే చాలమ్మ తల్లి. కప్పు కూడా వేయలేదు, ఎందుకంటే తల్లి వానలోనే ఉంటానన్నదట. ఆ రాయి నడినెత్తిన దోసెడు నీళ్ళు పట్టే గుంట ఉంది. ఎంతటి ఎండల్లోనూ అందులో నీరు ఇంకదని ఇక్కడివారి మాట.

ఇక్కడి ఆచారాలు రెండు కొత్తవారిని తికమక పెడతాయి. మొదటిది ప్రసాదం. బెల్లపన్నం వడ్డించే ఆమె మనం నోరు తెరిచి "చాలు తల్లీ" అనేదాకా గరిటె ఆపదు. మొహమాటపడి ఊరుకున్నామా, విస్తరి పొంగి ఒళ్ళోకి వస్తుంది. పెట్టించుకున్నదంతా తినిగాని లేవకూడదు. ఈ పుస్తకం రాసినవాడు మొదటిసారి వచ్చినప్పుడు పడిన అవస్థ ఆ తల్లికే ఎరుక.

రెండవది పేరు. ఆడబిడ్డకు పేరు పెట్టడానికి ఎక్కడెక్కడి నుంచో జనం ఇక్కడికి వస్తారు. చెట్టో, పిట్టో, పువ్వో, మబ్బో, ఏదో ఒకదాని పేరు తీసుకుంటారు. తీసుకునే ముందు దాని దగ్గరికే వెళ్ళి అడుగుతారు. అడగవలసినవాడు బిడ్డ తండ్రి. తాతలూ మేనమామలూ వెంట ఎందరున్నా ఆ పని ఆయనదే. ఎందుకిలా వచ్చిందో తెలియాలంటే చాలమ్మ కథ వినాలి.

పూర్వం ఇక్కడ గుట్ట కింద ఎర్రదొడ్డి అనే పల్లె ఉండేది. గుట్టకు అప్పటికి పేరే లేదు. ఆ పల్లెలో చాలమ్మ అనే ముసలామె ఉండేది. ఆమె తండ్రికి వరసగా నలుగురు ఆడపిల్లలు పుట్టాక అయిదో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టింది. మంత్రసాని వచ్చి చెబితే ఆయన కూర్చున్న మంచం మీదనుంచి లేవకుండానే "ఇంక చాలు" అన్నాడు. ఆ మాటే పేరయి కూర్చుంది. ఆ కాలంలో ఇది ఎవరికీ తప్పుగా తోచేది కాదు. చివరి పిల్లను అలా పిలిస్తే మళ్ళీ ఆడపిల్ల పుట్టదని నమ్మకం.

నమ్మకం తండ్రిది, మోయడం మాత్రం బిడ్డ వంతు. చిన్నప్పుడు ఆటల్లోకి వస్తానంటే తోటిపిల్లలు "చాల్చాలు, పోవే" అని ఏడిపించేవారు. పెళ్ళయి అత్తవారింటికి వచ్చిన రోజున ఆడబిడ్డలు గడపకు అడ్డంగా నిలబడి, పేర్లు చెప్పుకొని లోపలికి రమ్మన్నారు. పెళ్ళికొడుకు "చాలమ్మతో వచ్చినాను" అనగానే పందిరి పందిరంతా పక్కున నవ్వింది. ఆ నవ్వు అరవై ఏళ్ళు వచ్చినా ఆమె చెవుల్లోంచి పోలేదు. ఎవరైనా పేరడిగితే "ఓబుళేసు వాళ్ళమ్మను" అనేదే తప్ప అసలు పేరు నోట రానిచ్చేది కాదు.

ఓబుళేసు ఆమె ఒక్కగానొక్క కొడుకు. చెడ్డవాడేం కాదు. మనసు వెన్న, నోరే తొందర. అతని భార్య గంగులమ్మకు ముగ్గురు ఆడపిల్లల తరువాత నాలుగో కాన్పులోనూ ఆడబిడ్డే పుట్టింది. మూడేళ్ళుగా వానలు లేవు. దుక్కులు దున్నిన చేలు నోళ్ళు తెరుచుకొని ఉన్నాయి. రేపు ఇరవయ్యొకటో రోజు, పేరు పెట్టాలి అనగా ఓబుళేసు అరుగు మీద కూర్చొని తేల్చేశాడు.

"మా అమ్మ పేరే పెడదాం. చాలమ్మ. అమ్మ పేరు నిలబెట్టినట్టూ ఉంటాది, దేవునికి ఒక మాట చెప్పినట్టూ ఉంటాది."

లోపల జొన్నలు చెరుగుతున్న చాలమ్మ చేట పక్కన పెట్టి బయటికి వచ్చింది.

"నా పేరు నాతోనే పోనీరా నాయనా" అంది.

"అదేంది మా! నీ పేరుకేం తక్కువ?"

"ఏం తక్కువనా? ఒక్క పూట ఆ పేరుతో బతికి చూడు, తెలుస్తాది."

కొడుకు తల గోక్కున్నాడు. "మరి ఏం పెట్టాలో నువ్వే చెప్పు. రేపు మధ్యాన్నంలోగా ఇంకో పేరు తెస్తే సరే. లేదంటే బియ్యంలో ఈ పేరే రాస్తా" అన్నాడు. చాలమ్మకు అప్పటికప్పుడు ఏ పేరూ తోచలేదు. అరవై ఏళ్ళు తన పేరు దాచుకోవడంతోనే సరిపోయింది, మంచి పేర్ల మీదికి మనసు ఎప్పుడు పోయింది కనుక!

మర్నాడు తెల్లవారగానే, గుట్ట మీద ఏదో ఒకటి కనిపించకపోతుందా అనుకొని ఆమె బయలుదేరింది. పేరు పెట్టవలసిన బిడ్డ ఎదుట లేకుండా పేరు ఎలా వెతకడం? పాతచీరలో బిడ్డను చుట్టి రొమ్ముకు కట్టుకుంది. గంగులమ్మ బిడ్డకు కడుపునిండా పాలిచ్చి గడపదాకా వచ్చింది.

"ఎండ పొద్దు అత్తా, బద్రం. ఏ పేరైనా తే, నాకిష్టమే. ఆ పేరు మాత్రం..." అని చటుక్కున నాలుక కరుచుకుంది.

"కరుచుకోవద్దులేమ్మా. నాకూ అదొక్కటే వద్దు" అంది చాలమ్మ.

అది రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలని ఊరికే అనలేదు పెద్దలు. ఇప్పుడు మనం చూసే పచ్చని గుట్ట కాదది. బొగ్గులు కాల్చేవారు చెట్లు నరికేశారు. తోళ్ళు పదును చేయడానికి తంగేడు బెరడు మోపులు మోపులుగా ఒలుచుకుపోయారు. దారిలో ఒకే ఒక్క తంగేడు పొద మిగిలి, దాని చివర గుప్పెడు పసుపు పూలు వెలుగుతున్నాయి. చాలమ్మ ప్రాణం లేచివచ్చింది. పొద ముందు నిలబడి చేతులు జోడించింది.

"తల్లీ, నా మనవరాలికి నీ పేరు పెట్టుకుంటా, ఇస్తావా?"

గాలి లేదు. అయినా పొద కదిలింది. "బెరడు ఒలుచుకున్నారు, చిగుళ్ళు దూసుకున్నారు. ఇక నాకు మిగిలింది పేరొక్కటే. అదీ కావాలా అవ్వా?" అన్న మాట ఆమెకు స్పష్టంగా వినిపించింది. చాలమ్మ తలవంచుకొని పైకి నడిచింది.

బండల మీద ఒక నెమలి కనిపించింది. ఆమె అడిగింది. "ఈకలు పీక్కున్నారు, గుడ్లు ఎత్తుకుపోయినారు. పేరూ కావాలా?" అంది నెమలి. ఇంకా పైన, ఒకప్పుడు ఊరందరి దాహం తీర్చిన ఊట దగ్గరికి వెళ్ళి అడిగింది. ఎండి నెర్రెలు విచ్చిన ఊట అడుగునుంచి సన్నని గొంతు వచ్చింది. "బురద దాకా తోడుకున్నారు. పేరూ తోడుకుంటారా?"

ఇంక అడగడానికి ఆమెకు నోరు రాలేదు. ఈ గుట్టను నరికిన గొడ్డళ్ళలో తన ఇంటిదీ ఉంది. ఆ ఊట అడుగు గీరిన కడవల్లో తన కడవా ఉంది. ఎలాగో శిఖరానికి చేరి అక్కడున్న నల్లరాయి నీడలో కూలబడింది. పొద్దు నడినెత్తికి వస్తోంది. కింద ఇంటిముందు పళ్ళెంలో బియ్యం పోసి ఉంటారు. బిడ్డ పెదవులు ఆరిపోయి ఏడుపు మొదలుపెట్టింది. చాలమ్మకు దుఃఖం ఆగలేదు.

"నా తల్లీ, నీకొక పేరు కూడా తేలేకపోతిని గదే! నా రాతే నీకూ రాసినాడు గదే ఆ దేవుడు!" అని బిడ్డను గుండెకు అదుముకొని భోరుమంది.

అప్పుడు వెన్ను ఆనించిన రాయి లోపలినుంచి ఒక పలుకు వచ్చింది. పిడుగులాంటిది కాదు, పక్కింటి ఆడమనిషి పలకరింపులాగే ఉంది. కానీ ఆ పలుకుకు గుట్ట మొత్తం అదిరింది.

"ఎవరమ్మా ఏడ్చేది? నీ పేరేమి?"

చాలమ్మ అలవాటుగా "ఓబుళేసు వాళ్ళమ్మను" అంది.

"కొడుకు పేరు అడగలేదు. నీ పేరు."

అరవై ఏళ్ళుగా దాచిన మాట. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, సిగ్గుతో చితికిపోతూ చెప్పింది. "చాలు. నా పేరు చాలు తల్లీ."

గుట్ట మీద ఉన్న చిన్న చప్పుడు కూడా ఆగిపోయింది. ఏడుస్తున్న బిడ్డ గుక్క తిప్పుకొని ఊరుకుంది. రాయి అడిగింది. "ఏమన్నావు? మళ్ళీ చెప్పు."

"చాలు."

"ఇంకోసారి!"

"చాలు తల్లీ, చాలు!"

ఆ మూడోసారి ఆమె గొంతు ఎదురు కొండకు తగిలి తిరిగి వచ్చింది. కింద తంగేడు తలెత్తింది. నెమలి మెడ సాచి నిలబడింది. ఎండిన ఊటలో ఏదో కదిలింది. రాయి పలికింది.

"ఈ గుట్ట పుట్టిననాటి నుంచి నా మీదికి ఎక్కివచ్చిన మనిషల్లా ఇంకా, ఇంకా అన్నవాడే. చాలు అన్న మాట నేను వినడం ఇదే మొదలు. నేను తొలకరిని. మూడేళ్ళుగా ఈ రాతిలోనే ముడుచుకొని కూర్చున్నాను, కురిసినా మిగిల్చరని. నీ పేరు నాకియ్యి. నా పేరు నీ మనవరాలికి తీసుకో."

చాలమ్మ నమ్మలేకపోయింది. "ఈ దిక్కుమాలిన పేరా! నీకెందుకు తల్లీ?"

"నిన్ను పిలిచినవాళ్ళకు దాన్ని ఎక్కడ వాడాలో తెలియలేదు. పుట్టే బిడ్డ మీద వేశారు. గొడ్డలి ఎత్తిన చేతి మీద, ఊట అడుగు గీరే కడవ మీద వేయవలసిన మాట అది. నేను వేస్తాను, ఇయ్యి."

"ఇచ్చేస్తే నన్నేమని పిలుస్తారమ్మా?"

"తొలకరి అవ్వ అంటారు. బాగాలేదా?"

చాలమ్మ ఏడుస్తూనే నవ్వింది. "ఇచ్చినా తల్లీ, తీసుకో" అని రాతి మీద చెయ్యి వేసింది. నిప్పులా ఉండవలసిన రాయి చల్లగా తగిలింది. ఏ మూలనుంచి వచ్చిందో ఒక మబ్బు గుట్ట నెత్తిన నిలబడింది. మొదటి చినుకు బిడ్డ నుదుట పడింది. రెండవది ఆరిన పెదవుల మీద పడింది. బిడ్డ చప్పరించింది. ఆ వెనక వాన దిగింది! మూడేళ్ళ వాన ఒక్కసారిగా దిగింది. తడిసిన మట్టి వాసన గుట్ట ఎగువనుంచి పల్లె దాకా పాకింది. చాలమ్మ ఆ వానలో బిడ్డను ఎత్తి పట్టుకొని ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు.

కింద ఓబుళేసు బియ్యం పళ్ళెం వదిలేసి నడివీధిలో నిలబడి, ఆకాశానికి రెండు చేతులూ చాచి చిన్నపిల్లవాడిలా గంతులు వేస్తున్నాడు. తడిసి ముద్దయి దిగివచ్చిన తల్లి అతని ముందు ఆగింది.

"ఏం నాయనా, చాలా?" అంది.

"చాలేంది మా! రానీ, ఇంకా రానీ! తొలకరిని ఎవడన్నా చాలంటాడా?"

"అయితే చెయ్యి చాపు" అని తల్లి బిడ్డను అతని చేతుల్లో పెట్టింది. "నీ ఇంటికొచ్చిన తొలకరి ఇదే. దీని పేరు అదే. ఇప్పుడను, చాలని."

ఓబుళేసు చినుకులు పడుతున్న ఆ పసి మొహాన్ని చూసి, తల్లి మొహాన్ని చూసి, వీధిలోనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "తప్పయింది మా" అన్నాడు. పుట్టిన ఇరవయ్యొక్క రోజుల్లో అతను ఆ బిడ్డను ఎత్తుకోవడం అదే మొదటిసారి. గంగులమ్మ వచ్చి అడిగినా చాలాసేపటిదాకా ఇవ్వలేదు.

ఆ మర్నాడు ఓబుళేసు గొడ్డలి తీసుకుపోయి నల్లరాయి ముందు పెట్టి, ఇక ఈ గుట్ట మీద ఎత్తనని మాట ఇచ్చాడు. అతన్ని చూసి ఊరూ ఇచ్చింది. ఊట మళ్ళీ ఊరింది. తంగేడు తనంతట తానే పేరు ఇచ్చిందని, ఆ ఏడు పుట్టిన బిడ్డ ఒకతె తంగేడమ్మ అయిందని చెబుతారు. నెమలి కూడా ఇచ్చింది. అలా పేర్లు ఇచ్చిన గుట్ట పేర్లగుట్ట అయింది. ముసలామెను చివరిదాకా అందరూ తొలకరి అవ్వ అనే పిలిచారు. ఆమె పాత పేరు గుట్ట మీది తల్లిదయింది.

నేటికీ ఇక్కడ పూజ చేసేది ఆ మనవరాలు తొలకరి సంతతి ఆడబిడ్డలే. పేరు పెట్టవచ్చిన తండ్రి బిడ్డను తానే ఎత్తుకొని మెట్లెక్కాలి. తనకు నచ్చిన చెట్టు ముందో, మబ్బు కిందో నిలబడి "నా బిడ్డకు నీ పేరు ఇస్తావా? నా ఇంట ఎవరూ నీకు కీడు చేయరు" అని అడగాలి. గాలి వీచినా, ఆకు రాలినా, చినుకు పడినా ఇచ్చినట్టు. కొందరికి వెంటనే దొరుకుతుంది, కొందరు సాయంత్రం దాకా నిలబడతారు. తల్లి నెత్తిమీది గుంటలోని నీటితో బిడ్డ పెదవులు తడిపి ఆ పేరు చెవిలో మూడుసార్లు చెబుతారు. అలా పేరు పొందిన బిడ్డ అడుగుపెట్టిన ఇంట గాదె నిండుతుందని, ఆ పేరిచ్చిన చెట్టూ పిట్టా పచ్చగా ఉన్నంతకాలం ఆ బిడ్డకు ఏ లోటూ రాదని పెద్దల మాట. నమ్మి నడిచినవారు ఆ మాటకు సాక్ష్యం.

ఈ గుట్టను నమ్మిన ఊళ్ళలో ఆడబిడ్డకు చాలమ్మ అని పేరు పెట్టరు, అది తల్లి పేరు. అయితే దూరపు ఊళ్ళలో ఆ పేరు మోసిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. పోయిన ఏడు మనవడి కూతురి పేరు కోసం వచ్చిన ఒక పెద్దావిడ వరసలో అందరికంటే వెనక నిలబడింది. అర్చనకు పేరు చెప్పమంటే "నా పేరెందుకులే అమ్మా, పిల్లల పేర్ల మీద చేయండి" అంది. పూజ చేసే ఆమె వదల్లేదు. రెండోసారి అడిగితే ఆ పెద్దావిడ తలవంచుకొని, మరెవరికీ వినపడకుండా చెప్పింది. పూజ చేసే ఆమె ఆ పేరు అందరికీ వినిపించేలా పలికి, హారతి పళ్ళెం కింద పెట్టి, చెయ్యి పట్టుకొని ఆమెను ముందుకు తీసుకువచ్చింది. వరసంతా దారి ఇచ్చింది. బిడ్డలను ఎత్తుకున్న తండ్రులూ, బాలింతలూ "చాలమ్మ తల్లీ" అంటూ ఒక్కసారిగా చేతులు జోడించారు. అమ్మవారికి అడ్డంగా నిలబడ్డానేమోనని ఆ పెద్దావిడ గాభరాగా పక్కకు జరిగింది. జోడించిన చేతులన్నీ ఆమెతోపాటే ఆ పక్కకు తిరిగాయి.