వెనక్కి తిప్పిన తేదీ

ఎవరైనా ప్రశ్న అడిగితే సుందరశివంగారు ముందు లేచి ఫ్యాను ఆపేవారు. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక అచ్చాఫీసు మేడ మీద ఉండేది ఆయన రికార్డింగు గది. ఉన్న ఒక్క కిటికీనీ దూదిపరుపులతో ఎప్పుడో మూసేశారు. ఫ్యాను చప్పుడులో పాటా వినకూడదు, ప్రశ్నా వినకూడదు అనేది ఆయన నియమం. ఏప్రిల్ నెలలో అలాంటి గదిలో ఫ్యాను ఆగితే ఎలా ఉంటుందో బెజవాడ వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. పూర్వం శిష్యులు గురువుగారి దగ్గరికి సమిధలు పట్టుకుని వెళ్ళేవారట. ఇక్కడ చెమట ధారపోయాలి. అంచేత ఊసుపోక అడిగేవాళ్ళు ఎవరూ ఉండేవారు కారు. తడిసినా ఫరవాలేదు అనిపించే ప్రశ్న ఉంటేనే నోరు విప్పేవారు.

హైమ ఇంజినీరింగు చదివి, ఆ ఉద్యోగాలు వద్దనుకుని, విడివిడి గొంతుల్నీ వాద్యాల్నీ కలిపి పాటల్ని మిక్స్ చేసే విద్య కోసం ఆయన దగ్గర చేరిన పిల్ల. క్రైస్తవుల శుభ శుక్రవారం ఇంకా వారం ఉందనగా ఒకరోజు ఆమె కుర్చీ వెనక్కి తిప్పి అడిగింది.

“మాస్టారూ, ప్రాణం లేనిదానికి అబద్ధం చెబితే తప్పేనా?”

ఫ్యాను ఆగింది.

“దేనికి చెబుతావు?”

“కంప్యూటర్‌కి.”

“ఏమని?”

“ఇవాళ ఇవాళ కాదని.”

ఈ మాట అర్థం కావాలంటే కరుణమ్మగారి సంగతి చెప్పాలి. ఉయ్యూరు చుట్టుపక్కల చర్చిల్లో ఒకప్పుడు ఆవిడ పాడకపోతే క్రిస్మస్ రానట్టే లెక్క. హార్మోనియం పెట్టె ఎంత పాడైపోయినదైనా, ఆవిడ గొంతెత్తితే అదీ శ్రుతిలోకి వచ్చేదని చెప్పుకునేవారు. ఆ మాటలో అతిశయోక్తి ఉంటే ఉండవచ్చు, పాడైన హార్మోనియాలు మాత్రం నిజం. తరవాత ఆవిడ గొంతులో పుండు లేచింది. డాక్టర్లు కోసి ప్రాణం దక్కించారు గాని పాట దక్కలేదు. ఇప్పుడు ఆవిడ మాట్లాడితే పెదవులకి చెవి ఆనించి వినాలి.

ఆ జబ్బు రాకముందు ఆవిడ తమ్ముడు ప్రభుదాసు ఇదే గదిలో అక్కచేత ఒక శుభ శుక్రవారం పాట పాడించాడు. అతను కీబోర్డు వాయించేవాడు, కంప్యూటర్ మీద పాటలు కట్టేవాడు. పాడింది ఆవిడ ఒక్కతే. ఆ ఒక్క గొంతునీ ఒక ప్లగిన్‌లో వేసి, ఇంకో నలుగురు ఆడవాళ్ళను పుట్టించాడు. సంగీతం చేసే సాఫ్ట్‌వేర్ వంటిల్లయితే ప్లగిన్ అందులో రుబ్బురోలు వంటిది. ఒక గొంతుని తీసుకుని బొంగురు చేస్తుంది, సన్నం చేస్తుంది, వయసు పెంచుతుంది, తగ్గిస్తుంది. దాని మీటల్ని వారాల తరబడి తిప్పితిప్పి, చిన్నప్పుడు చర్చిలో తమ కుటుంబం కూర్చునే బెంచీని తిరిగి కట్టాడు ప్రభుదాసు. నలుగురిలో ఒకరు అమ్మ, ఒకరు పెద్దమ్మ, ఒకరు మేనత్త, ఒకరు పెద్దక్క. అప్పటికే ఆ నలుగురూ ఒకరి తరవాత ఒకరు వెళ్ళిపోయారు. పాట బయటికి రాకముందే స్కూటర్ మీద వెళుతూ లారీ కింద పడి ప్రభుదాసూ పోయాడు. అతని కంప్యూటర్ పాతసామాన్లవాడికి వెళ్ళింది. పాట ఉన్న డిస్కు మాత్రం కరుణమ్మగారి ట్రంకుపెట్టెలో ఉండిపోయింది.

ఆవిడ దాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

“నా గొంతు నాకక్కర్లేదు బాబూ,” అంది సుందరశివంగారితో. “ఇచ్చినాయనే తీసుకున్నాడు. ఆ నలుగురినీ ఒక్కసారి వినిపించండి. శుక్రవారం మందిరంలో వేయిస్తాను.”

పని హైమకి అప్పగించారు. పాట కొత్త సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంది గాని, నలుగురు ఆడవాళ్ళు ఉండవలసిన చోట నాలుగు ఖాళీ డబ్బాలు కనిపించాయి. పాత ప్లగిన్ని కొత్త సాఫ్ట్‌వేర్ పోల్చుకోలేదు.

“కొత్తకోడలికి అత్తగారి రుబ్బురోలు ఎందుకు కనబడుతుందే,” అన్నారు సుందరశివంగారు. “కాలికి అడ్డమొచ్చినప్పుడు తప్ప.”

“కోడలిని అంటారేం మాస్టారూ? అత్తగారు మాట్లాడే భాష లోకంలో ఇంకెవరికీ రాకపోతే కోడలేం చేస్తుంది?”

“అయితే మధ్యన ఓ దుబాసీని పెట్టు.”

నిజంగానే అలాంటి దుబాసీలు ఉన్నాయి. పాతదానికీ కొత్తదానికీ మధ్య కూర్చుని ఒకరి మాట ఒకరికి చెప్పే ప్రోగ్రాములు. హైమ అలాంటిదాన్ని వెతికి తెచ్చింది. అందాకా ఊరుకోలేక, కరుణమ్మగారి అసలు గొంతు ఎలా ఉందో చూద్దామని, ఆ నాలుగు ఖాళీ డబ్బాలూ తీసిపారేసి, ఒంటి గొంతుతో పాటనీ, దాని మిక్స్‌నీ ప్రతులుగా దాచింది. పాట పేరు మార్చలేదు. తరవాత మారుద్దామనుకుంది. తరవాత అనుకున్న పనుల సంగతి అందరికీ తెలిసిందే.

దుబాసీ వచ్చాక రెండో అడ్డంకి ఎదురైంది. ప్లగిన్ తెరుచుకుని, నన్ను వాడుకునే గడువు అయిపోయింది, మళ్ళీ అనుమతి తెచ్చుకో, అంది. ఇచ్చేవాళ్ళు లేరు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ప్రభుదాసు డబ్బు పెట్టి కొనుక్కున్నదే అది, కాని ఆ మాట వినిపించుకునే మనిషి ఎక్కడా లేడు. మిగిలిన దారి ఒక్కటే. కంప్యూటర్ గడియారాన్ని వెనక్కి తిప్పి, ఇది ప్రభుదాసు బతికున్న సంవత్సరమే అని దాన్ని నమ్మించడం. హైమ అడిగిన ప్రశ్న దాని గురించి.

సుందరశివంగారు మెడ తుడుచుకున్నారు. ఏ ప్రశ్నకైనా ఆయన దగ్గర ఏదో ఒక పాటో, పిట్టకథో ఉండేది.

“నాకు తెలియదమ్మా. చేసి చూడు,” అని ఫ్యాను వేశారు.

హైమ ప్రభుదాసు డిస్కుని కంప్యూటర్‌కి తగిలించి, తేదీని పాట రికార్డు చేసిన నెలకి తిప్పింది. ప్లగిన్ ఇంకేమీ అడగలేదు. నాలుగు డబ్బాల్లోనూ మీటలు ప్రభుదాసు వదిలి వెళ్ళినట్టే నిలబడి ఉన్నాయి. ఆమె ఫ్యాను ఆపి పాట నడిపించింది.

ముందు కరుణమ్మగారు ఒక్కరే ఎత్తుకున్నారు. రెండో చరణంలో వెనకనుంచి ఒక్కొక్కరే కలిశారు. వాళ్ళు గొప్పగా పాడలేదు. ఒకావిడ ఎప్పుడూ కొంచెం ఆలస్యంగా అందుకుంటోంది. ఒకావిడ పైస్థాయికి వెళ్ళలేక మధ్యలోనే దిగిపోతోంది. ఇంకొకరు అందరికంటే ముందు ముగించేసి ఊపిరి పీల్చుకుంటున్నారు, వెళ్ళి పొయ్యిమీద కూర చూసుకోవాలన్నట్టు. ఒకే ఇంటి ఆడవాళ్ళు ఇరుకుబెంచీ మీద భుజాలు రాసుకుంటూ కూర్చున్నట్టుంది. హైమకి వాళ్ళెవరూ తెలియదు. అయినా ఆవిడ ఈవిడ అని విడివిడిగా గుర్తుపట్టగలిగింది. సుందరశివంగారు పాట అయ్యేదాకా కళ్ళు తెరవలేదు.

సాయంత్రానికల్లా పాటని సవరించి, దాచి, పూర్తి మిక్స్ కూడా తీసి, హైమ కరుణమ్మగారికి ఫోన్ చేసింది.

“నలుగురూ వచ్చారమ్మా.”

“రేపొస్తా తల్లీ,” అంది ఆవిడ. హైమ తేదీని మళ్ళీ సరిచేసి, గది తాళం వేసి ఇంటికి వెళ్ళింది.

పొద్దున వచ్చి పాట తెరిస్తే కరుణమ్మగారు ఒక్కరే పాడుతున్నారు.

జరిగింది ఇది. పని పోగొట్టుకోకూడదని హైమే ఆ స్టూడియోలో ఒక మంచి అలవాటు పెట్టింది. గది మూసేవేళకి కంప్యూటర్‌నీ, బీరువాలోని డిస్కునీ, తగిలించి ఉన్న మరే డిస్కునైనా ఒక ప్రోగ్రాము తనంతట తనే పోల్చి చూస్తుంది. ఒకే పేరుతో రెండు ప్రతులుంటే తేదీ చూసి, కొత్తదాన్ని అన్నిచోట్లా ఉంచి పాతదాన్ని చెరిపేస్తుంది. ఆ సాయంత్రం దాని ముందు ఒకే పేరుతో రెండు పాటలు ఉన్నాయి. ఒకటి ఈ వారంలో దాచిన ఒంటిగొంతు పాట. రెండోది నలుగురూ ఉన్న పాట, దాని మీద ఎన్నో ఏళ్ళనాటి తేదీ. ప్రోగ్రాము తన పని తాను తప్పు లేకుండా చేసింది. కంప్యూటర్లోనూ, బీరువా డిస్కులోనూ, ప్రభుదాసు డిస్కులోనూ పాతదాన్ని తుడిచేసింది. మిక్స్ చేసిన పాటకీ అదే గతి పట్టింది.

చెరిపినవి తిరిగి తెచ్చే ఉపాయాలు తెలిసినవన్నీ ప్రయత్నించింది హైమ. ఏదీ రాలేదు. తేదీ మళ్ళీ వెనక్కి తిప్పితే ప్లగిన్ మారుమాట లేకుండా తెరుచుకుంది. ప్రభుదాసు తిప్పిన కొలతలు పాటతోపాటే పోయి, మీటలన్నీ నడిమధ్యన, కొన్ననాడు ఉన్నట్టే ఉన్నాయి. ఏ మీట ఎంత తిప్పితే ఎవరు వస్తారో ప్రభుదాసు ఎక్కడా చెప్పి పోలేదు.

ఆమె కన్నీళ్ళు తుడుచుకుని, నిన్న విన్నదాన్ని తలుచుకుంటూ మీటలు తిప్పడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి నలుగురు తయారయ్యారు. వెనక నిలబడి సుందరశివంగారు విన్నారు.

“ఆవిడకి చెబుతావా?”

“ముందు వినిపిస్తాను మాస్టారూ. ఏళ్ళయింది కదా, ఆవిడకి మాత్రం ఎంత గుర్తుంటుంది? తృప్తిపడితే ఇంక చెప్పడం ఎందుకు?”

ఆయన ఆవిడ కోసం కుర్చీ తెచ్చి వేశారు.

కరుణమ్మగారు ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. కుర్చీలో కూర్చుని, ప్రార్థనకి కూర్చున్నట్టు పైట తలమీదికి లాక్కుంది. హైమ పాట నడిపించి తెరవైపే చూస్తూ ఉండిపోయింది. రెండో చరణంలో నలుగురూ కలిశారు. ఒకరు ఆలస్యంగా, ఒకరు కిందిస్థాయిలో, నిన్నటి లెక్క ప్రకారమే కలిశారు. పాట అయిపోయింది.

“చాలా బాగా పాడారు తల్లీ,” అంది కరుణమ్మగారు మర్యాదగా. “ఎవరు వీళ్ళు?”

హైమ ఇటు తిరిగింది. “మీ అమ్మగారు వాళ్ళేనండీ. ప్రభుదాసుగారు చేసినదే.”

కరుణమ్మగారు నవ్వింది. చప్పుడు లేని నవ్వు, భుజాలు మాత్రమే కదిలాయి. “మా అమ్మ ఆలస్యంగా అందుకునేది నిజమే. అందుకున్నాక సిగ్గుపడేది, అందరూ విన్నారేమోనని. ఆ తరవాత రెండు మాటలు మింగేసేది. ఈవిడెవరో సిగ్గులేకుండా పాడుతోందమ్మా.”

అప్పుడు హైమ అంతా చెప్పేసింది. తేదీ తిప్పిన సంగతి, తుడిచిపెట్టుకుపోయిన సంగతి, పొద్దుటినుంచి కూర్చుని చేసిన పని. అదయ్యాక ఆవిడ పైట తలమీంచి దించి భుజం చుట్టూ కప్పుకుంది.

“నువ్వు విన్నావా నిన్న? నలుగురినీ?”

“విన్నానమ్మా.”

“పెద్దమ్మ గొంతు బొంగురుగా ఉందా?”

“ఉందమ్మా. ముందే ముగించేసేవారు.”

“ఆఁ. ఆవిడే.” ఆ మాట ఆవిడ రెండుసార్లు అనుకుంది.

హైమ ఏడుస్తూనే, “మీ గొంతు ఒక్కటీ చెక్కుచెదరకుండా ఉందమ్మా. శుక్రవారానికి అదైనా చేసిస్తాను,” అంది.

“వద్దులే తల్లీ. ఆ బెంచీ మీద ఒక్కదాన్నీ కూర్చోవడం ప్రతి ఆదివారం ఉన్నదే. దానికి పాటెందుకు?”

డిస్కుని గుడ్డసంచిలో వేసుకుని, గోడ పట్టుకుని, ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. కింద అచ్చుయంత్రం చప్పుడులో ఆవిడ చెప్పుల శబ్దం కలిసిపోయింది.

“ఒక్క చరణం కూడా నమ్మలేదు మాస్టారూ ఆవిడ,” అంది హైమ. “ఆ కంప్యూటర్ మాత్రం, తేదీ ఇదీ అనగానే, ఒక్క ప్రశ్నయినా వెయ్యకుండా...”

సుందరశివంగారు ఆమె తలమీద చెయ్యి వేశారు.

“దానికి ప్రాణం లేదమ్మా. అందుకే నమ్మింది.”