గానుగెద్దు గుండెకి నక్క పెట్టిన ముహూర్తం

గానుగ దొడ్లో ఒకరి ఒంటి బాధ ఇంకొకరికి తెలియకుండా ఉండదు. గాడిదకి మోకాళ్ల నొప్పి, పుంజుకి గొంతు బొంగురు. పన్నెండేళ్లుగా నువ్వుల గానుగ తిప్పుతున్న పోలయ్య అనే ఎద్దుకి మాత్రం గుండె నీరసించింది. నాలుగు చుట్లు తిరిగితే ఆయాసం, కాళ్లకి వాపు. బలం తగ్గిన గుండె ఆ లోటు పూడ్చుకోవాలని దడదడా కొట్టుకుని, మరింత అలిసిపోతోంది.

నూతి పక్క తొట్టిలో ఉండే కూర్మయ్య అనే తాబేలే అక్కడి వైద్యుడు. నాడి పట్టుకుంటే పూటంతా వదలడు. శ్రావణంలో ముందు వాపు తీసే మందిచ్చి, ఒంట్లో నీరు తగ్గాక గుండె దడని నెమ్మది చేసే బీటా బ్లాకర్ అనే మాత్ర మొదలుపెట్టాడు. అదీ పావు ముక్క. మెల్లగా పెంచుతాననీ, మొదట్లో నీరసంగా ఉంటుందనీ, అడగకుండా మానేస్తే ప్రమాదమనీ మరీమరీ చెప్పాడు.

గడ్డివాము వెనక నుంచి గుంటన్న అనే నక్క ఇదంతా విన్నాడు. వాడికి ఎద్దు బతుకు మీద కన్నా మాంసం మీదే ప్రేమ ఎక్కువ. పోలయ్య కార్తీక పౌర్ణమి దాటడని లెక్కేసి, ఆ రోజుకి రాబందుల్ని విందుకి కూడా పిలిచేశాడు.

పదో రోజున పోలయ్య గోడకి ఆనుకుని నిలబడి ఉంటే, గుంటన్న పలకరింపుకి వచ్చాడు.

"మామా, మొన్నటిదాకా నీ గుండె పరుగులు తీసేది. ఇప్పుడు కునుకు తీస్తోంది. ఆ తాబేలు తన నడకే దానికి నేర్పుతున్నాడు. ఆ మాత్ర మానెయ్."

పోలయ్యకి నిజంగానే భయమేసింది. ఒంట్లో సత్తువ లేదు మరి. నక్క వెళ్లాక నేరుగా తొట్టి దగ్గరికి పోయి, అసలే నీరసపడ్డ గుండెని ఇంకా నెమ్మది చేస్తే ఎలా బాగుపడుతుందని నిలదీశాడు.

కూర్మయ్య కోప్పడలేదు. "కిందటేడు యజమాని బావమరిది నిన్ను కొరడా పెట్టి పరిగెత్తించాడే, ఆ రోజు నూనె ఎంత దిగింది?"

"ఏం దిగుతుందండీ. గింజ లోపలికి జారేలోపే రోకలి తిరిగిపోయింది."

"మెల్లగా తిప్పిన రోజున?"

"కుండ నిండుతుంది."

"నీ గుండెదీ అదే కష్టం. రక్తం సరిగ్గా నిండకముందే పిండేస్తోంది. నీ ఒంట్లో కంగారే దానికి కొరడా. మాత్ర ఆ కొరడాని పట్టుకుంటుంది. కొన్ని నెలలు ఊపిరి తీసుకోనిస్తే గుండె తన బలం తాను కూడగట్టుకుంటుంది."

గానుగ సంగతి పోలయ్యకి ఒకరు చెప్పాలా? మాత్ర మింగాడు. నక్క ఎత్తు కూడా అతనికి అర్థమైపోయింది. నక్కకి మాత్రం మానేశానని చెప్పాడు. ఎలాగూ పోతున్నాను కాబట్టి నా ఒళ్లు నీకే రాసిచ్చేస్తాను, అందాకా కాస్త పచ్చగడ్డి తెచ్చిపెట్టమని దీనంగా అడిగాడు. గుంటన్న మూడు నెలలు వాగు అవతలి నుంచి గడ్డి మోశాడు, ఈగలు తోలాడు, వీపు గోకాడు. పోలయ్య రోజూ మూలిగాడు. ఆ మూలుగు వింటూ నక్క లొట్టలేశాడు.

కార్తీక పౌర్ణమి పొద్దున్నే రాబందులు వచ్చి ప్రహరీ మీద వరసగా వాలాయి. పోలయ్య వాటికి తలూపి, కాడి కింద మెడ పెట్టి, నలభై చుట్లు ఆయాసం లేకుండా తిరిగాడు. నూనె ధారగా దిగింది.

రాబందుల పెద్ద ఎద్దుని చూశాడు. తర్వాత గడ్డి మోసి మోసి ఎముకలు తేలిన నక్కని చూశాడు.

"గుంటన్నా, నీ గుండె దడ మాకిక్కడికి వినిపిస్తోంది. విందు ఎవరిదైనా మాకు ఒకటే. తొందరేం లేదు."

గుంటన్న పడుతూ లేస్తూ తొట్టి దగ్గరికి పరిగెత్తి, తనకీ ఒక పావు ముక్క ఇప్పించమని కాళ్లావేళ్లా పడ్డాడు. కూర్మయ్య తాపీగా నాడి పట్టుకున్నాడు. వెనక రెక్కల చప్పుడు దగ్గరవుతున్నా చెయ్యి వదల్లేదు.

"ఇది పోలయ్య జబ్బుకి మందు నాయనా. నీది భయం. పరిగెత్తు."

అలిసినవాణ్ని పరిగెత్తమని తొందరపెట్టేవాడు వాడి మేలు కోరేవాడు కాదు.