వరహాలు వేసుకున్న తలుపు

అనగనగా గోదారి లంకలో ఒక ఊరు. ఆ ఊళ్ళో వరహాలని ఒకావిడ పూతరేకులు తీసేది. బోర్లించిన కుండ, దాని కింద మంట, పైన పల్చటి బియ్యప్పిండి పూత. రెప్పపాటులో రేకు లేస్తుంది, ఉల్లిపొర కన్నా పల్చన. గాలి తగిలిందా, చిట్లిపోతుంది. అందుకే రేకులు తీసేవాళ్ళు తలుపేసుకుంటారు బుజ్జీ.

వరహాలు చెయ్యి మంచిది. మనసే ఊరుకోదు. రాజుగారి పళ్ళెంలో నా రేకే ఉండాలి అనుకుంది. దాంతో అందరూ కాసేపు వేసుకునే తలుపుని ఈవిడ పొద్దంతా వేసేసింది.

ఆవిడకో కూతురు, మంగ. పిల్లకి జడెయ్యడం, అన్నం పెట్టడం అన్నీ పక్కింటి కాసులత్తే.

ఒకరోజు మంగ తలుపు తట్టింది. "అమ్మా, నా పన్నూడింది! చూడవే!"

"తలుపు తీస్తే రేకు పోతుందే. అత్తకి చూపించి ఇంటి మీదకి విసిరెయ్."

ఆ తర్వాత అట్లతద్ది వచ్చింది. మంగ మళ్ళీ తట్టింది. "అమ్మా, ఉయ్యాల కట్టారు, రావే!"

"వచ్చే ఏడు వస్తాలే."

"ఏమే వరహాలూ, లోపల రేకులు తీస్తున్నావా, గుడ్లు పొదుగుతున్నావా?" అని కాసులత్త అరిచింది. వీధంతా నవ్వింది. లోపల వరహాలూ నవ్వింది. తలుపు మాత్రం తియ్యలేదు.

కొన్నేళ్ళకి మంగకి పెళ్ళయింది. అత్తారింటికి బండి కట్టారు. మూడోసారి తట్టింది. "అమ్మా, వెళ్ళొస్తానే."

"ఒక్క వాయి తల్లీ, ఒకే ఒక్క వాయి! రాజుగారి మనుషులు రేవులో ఉన్నారు."

ఆ వాయి అయ్యి తలుపు తీసేసరికి, వీధిలో బండి చక్రాల జాడలే ఉన్నాయి.

రాజుగారు తిన్నారు, మెచ్చారు, పట్టుశాలువా కప్పారు. చూడ్డానికి ఊరు ఊరంతా వచ్చింది. ఆ గుంపులో వరహాలు ఒక్క మొహం కోసం వెతుక్కుంది. లేదు.

అప్పుడు అన్నిటికన్నా పల్చని రేకులు ఏరి, నెయ్యీ బెల్లప్పొడీ వేసి మడిచి, కూతురింటికి వెళ్ళింది. మంగ కాళ్ళకి నీళ్ళిచ్చింది, చాప వేసింది.

"తినవే తల్లీ. రాజుగారు కూడా ఇంత పల్చటివి తినలేదు."

మంగ కాస్త తటపటాయించింది. "నేను తీపి తిననమ్మా."

"ఎప్పట్నించే?"

"చిన్నప్పట్నించీ. కాసులత్తకి తెలుసుగా."

వరహాలు చెయ్యి పళ్ళెం మీదే ఉండిపోయింది. "మరి నీకేం ఇష్టమే?" అని అడిగింది.

మంగ నవ్వింది. కోపం ఉంటే వరహాలు బతిమాలుకునేది బుజ్జీ. ఆ నవ్వులో కోపమే లేదు.

"ఇప్పుడెందుకులేమ్మా. కూర్చో, అన్నం వడ్డిస్తా."

వరహాలు కూర్చుంది. మంగ వడ్డించినది తింది.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
నువ్వూ నేనూ ఇద్దరం
ఒక్కటే దుప్పటికి.