పసుపు నూలు

1958 జూలై 9, బుధవారం. తెల్లవారింది మొదలు చీరాలలో సన్నని జల్లు. ఎండ లేనిరోజు అద్దకంవాళ్లకు పని ఉండదు. పని లేనప్పుడే మనిషికి అడగకూడనివి అడగబుద్ధవుతుంది. శంభులింగంగారి దగ్గర పదకొండేళ్లుగా నూలుకు రంగులద్దడం నేర్చుకుంటున్న నాంచారయ్య ఆరోజు అడిగేశాడు.

"అయ్యా, మీరు పసుపు ఎందుకు వెయ్యరు? పసుపు లేనిదే ఆకుపచ్చా రాదు. ఆ రెండూ కావాలన్నవాళ్లంతా పక్క వీధికి పోతున్నారు. రేపు నేను సొంతంగా బానలు పెట్టుకుంటే ఏం చేసి బతకను?"

శంభులింగంగారు దేనికీ నేరుగా జవాబిచ్చే మనిషి కారు. లేచి నీలి బాన మీద మూత సర్దారు. గాలి తగిలితే నీలి అలుగుతుందనేవారు. అది వేరే సంగతి.

"ముప్పై ఏళ్ల కిందట పెళ్లిళ్ల కాలంలో పసుపు నూలుకు పెద్ద బేరం తగిలింది. పసుపు ఎండకు వెలిసిపోతుంది గనక తడి నూలు చిలపలన్నీ ఇంట్లోనే ఆరేశాం. వసారాలో, కిటికీలకు, వంటింటి దూలాలకు. రెండు నెలలు ఇంట్లో వెలుతురే పసుపు. అందరి ముఖాలూ పసుపే. మా తులశమ్మ అన్నం సయించడం లేదంటే, 'పెళ్లికూతురిలా కళకళలాడుతున్నావు, నీకేం?' అన్నాను. 'పదిహేనేళ్ల కాపురానికి ఇప్పుడు కనబడ్డానా మీకు' అని నవ్వింది."

ఆయన భార్యను నాంచారయ్య చూసి ఎరగడు. గోడ మీద ఫోటో కూడా లేదు.

"నూలు బండికెక్కించిన రోజున ఇంట్లోకి మామూలు వెలుతురొచ్చింది. అందరి ముఖాలూ ఎవరి చాయకు వాళ్లవి వచ్చాయి. ఆమెది రాలేదు. కళ్లూ పచ్చగానే ఉన్నాయి. వైద్యుడు చూసి, 'కామెర్లు ముదిరిపోయాయి. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో కళ్లున్నవాళ్లు లేరా?' అన్నాడు. అయిదోరోజు పోయింది."

జల్లు ఆగలేదు. నాంచారయ్య, ఏదో ఒకటి అనాలి గనక, "తప్పు రంగుది గదయ్యా" అన్నాడు.

"నేను ఆమెను కళ్లారా చూసుకున్నది ఆ రెండు నెలలే" అన్నారు శంభులింగంగారు.

ఆ వానాకాలం వెళ్లకముందే ఆయన మంచం పట్టారు. అన్న కొడుకు వీరాస్వామినీ, నాంచారయ్యనూ పిలిపించారు. నీలి బానలు వీరాస్వామికన్నారు. ఎరుపు వేసే కాగులు, అందులోని పనితనంతో సహా, నాంచారయ్యకన్నారు. ఆ తరవాత అలిసి కళ్లు మూసుకున్నారు. నాంచారయ్య సిగ్గు విడిచి, మంచం మీదికి వంగి అడిగాడు.

"మరి పసుపో, అయ్యా?"

"అది తులశమ్మ తీసుకుపోయింది."