నూకరత్నం ఎందుకు కదల్లేదు

"భయం పోగొట్టే పాఠం ఏదైనా ఉందా మాష్టారూ?" అని అడిగింది హేమసుందరి.

ఆమె ఒక మందుల కంపెనీలో ఉద్యోగుల శిక్షణ చూసే అధికారిణి. మనుషులు ఒకరితో ఒకరు ఎలా మెలగాలి, తప్పు కనిపిస్తే ఎలా చెప్పాలి అన్నవి కూడా ఆమె నేర్పవలసినవే. ఆమెకు ఆ విద్య నేర్పినవారు గంటి విశ్వపతి గారు. ముప్పయ్యేళ్ళు ఫ్యాక్టరీల్లో పనివాళ్ళకు శిక్షణ ఇచ్చి, రిటైరై కాకినాడలో ఉంటున్నారు.

"పరీక్ష పెడితే అందరూ సరిగ్గానే రాస్తున్నారు. కాని పోయినవారం, మందు రసాయనాలు కలిపే రియాక్టర్ ఒకటి మితిమీరి వేడెక్కిపోతుంటే ముగ్గురు చూశారు. ముగ్గురూ నోరు విప్పలేదు. ఇంకెవరో అటుగా వచ్చి ఆపారు కాబట్టి బతికిపోయాం. అప్పట్నుంచి ఫోన్ మోగితే చాలు, ఏం వినాల్సొస్తుందోనని భయం" అంది.

విశ్వపతి గారు తన నలభై రెండో ఏట జరిగిన ఒక సంగతి చెప్పారు.

అప్పట్లో ఆయన సముద్రం ఒడ్డున ఒక రొయ్యల ఫ్యాక్టరీలో శిక్షణాధికారి. పొడవాటి హాల్లో, చల్లటి స్టీలు బల్లల ముందు నూట ఇరవై మంది ఆడవాళ్ళు నిలబడి రొయ్యలు వలిచేవారు. తెల్లటి టోపీలు, మూతికి గుడ్డలు, కాళ్ళకు గంబూట్లు. కళ్ళు మాత్రమే కనిపించేవి. గోడకు అవతల రొయ్యను గడ్డకట్టించే యంత్రాలు, వాటి నిండా అమోనియా వాయువు. అది బయటికి వస్తే కళ్ళు మండుతాయి. ఎక్కువైతే ఊపిరి అందదు. అందుకే ఆయన మొదటి పాఠం అదే. "ఘాటు తగలగానే పని వదిలెయ్యండి. ఎవర్నీ అడగొద్దు. తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి నడవండి." ఆ మాటలు వాళ్ళచేత ఎన్నిసార్లు పలికించారో లెక్కలేదు. నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. ఆయనకు అది గర్వంగా ఉండేది.

ఒకనాడు పొద్దున నూకరత్నం అనే ఆవిడ, "వాసనొస్తందండీ" అని కేకేసి బయటికి నడిచింది. ఆమె వెనక మరో పదకొండు మంది వెళ్ళారు. యంత్రాల గది వెతికారు. ఏమీ దొరకలేదు. సూపర్‌వైజర్ భాస్కరరాజు ఆ పన్నెండు మందినీ హాలు మధ్యలో భోజనాల వేళ దాకా నిలబెట్టాడు. "ఈ మహాతల్లి ముక్కు మహిమకి సరుకంతా పాడైపోయింది, చూడండి!" అంటూ అందరికీ చూపించాడు. కొందరు నవ్వారు.

విశ్వపతి గారు అప్పుడు అక్కడే ఉన్నారు. 'మీరంతా మా కుటుంబం' అని రాసిన కొత్త పోస్టరు గోడకు అంటిస్తున్నారు. నూకరత్నం తలెత్తి ఆయన వైపు చూసింది. ఆయన పోస్టరు అంచు నొక్కుతూ ఉండిపోయారు. సాయంత్రం గేటు దగ్గర కనిపిస్తే, "పోనీలే అమ్మా, మనసులో పెట్టుకోకు" అన్నారు. దాంతో అయిపోయిందనుకున్నారు.

రెండు నెలలు గడిచాయి. ఆ రోజు మధ్యాహ్నం ఆయన అదే హాల్లో, చిన్న స్టూలు మీద నిలబడి, మైకు పట్టుకుని పాఠం వల్లె వేయిస్తున్నారు. మాట మధ్యలో కళ్ళు చురుక్కుమన్నాయి. గొంతులో ఏదో గీరినట్టయింది. ఆయన ఆగిపోయారు.

హాలంతా చేతులు ఆగిపోయాయి. ఎవరూ కదల్లేదు. నూట ఇరవై జతల కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. దూరపు బల్ల దగ్గర నూకరత్నం గుడ్డను ముక్కుకు అదిమి పట్టుకుని ఆయన్నే చూస్తోంది. ఆయన భాస్కరరాజు వైపు చూశారు. భాస్కరరాజు మేడమీది అద్దాల గదిలో ఉన్న మేనేజరు వైపు చూస్తున్నాడు. మేనేజరు అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఏం చెయ్యాలో ఆ హాల్లో అందరికంటే బాగా తెలిసిన మనిషి విశ్వపతి గారే. మైకు కూడా ఆయన చేతిలోనే ఉంది. అయినా ఆయన అద్దాల గది వైపే చూస్తూ నిలబడ్డారు. ఇది కూడా ఉత్తదే అయితే? రేపు నన్నూ హాలు మధ్యలో నిలబెడితే?

పది లెక్కపెట్టేంత సేపు. అంతే.

అవతల గొట్టం పగిలింది. తలుపు కింద నుంచి తెల్లటి పొగ పాక్కుంటూ వచ్చింది. అప్పుడు అందరూ ఒక్కసారే పరుగెత్తారు. తడి నేల మీద గంబూట్లు జారాయి. పడ్డవాళ్ళ మీద పడ్డారు. అరుపులు దగ్గుల్లో కలిసిపోయాయి. విశ్వపతి గారు బయట ఇసకలో మోకాళ్ళ మీద కూలబడి వెనక్కి చూసేసరికి, నూకరత్నం ఒక ముసలామెను చంకల కింద పట్టుకుని ఈడ్చుకొస్తోంది. ఆమెను గుమ్మం దాటించి, మళ్ళీ లోపలికి వెళ్ళింది. రెండోసారి చాలాసేపటికి గాని రాలేదు.

ప్రాణాలు ఎవరివీ పోలేదు. నూకరత్నం పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉంది. విశ్వపతి గారు చూడటానికి వెళ్ళారు. మంచం పక్కన కూర్చుని, ఎలా అడగాలో తెలియక చివరికి అడిగేశారు.

"ముందే తెలిసి కూడా ఎందుకు కదల్లేదమ్మా? నేను చెప్పింది మరిచిపోయావా?"

ఆమె గొంతు పోయింది. ఆయన వంగి, చెవి ఒగ్గి వినవలసి వచ్చింది.

"మర్చిపోలేదండి. అందరికంటే ముందు నాకే తెలిసిందండి. మీరు కదుల్తారేమోనని చూశానండి."

ఆ గొంతు మళ్ళీ మామూలు కాలేదని, ఆ తరవాత ఆమె బతికినన్నాళ్ళూ గుసగుసగానే మాట్లాడిందని చెప్పారు విశ్వపతి గారు.

"అయితే ముందు సూపర్‌వైజర్లకు శిక్షణ పెట్టాలంటారా? మేనేజర్లకు కూడానా?" అని అడిగింది హేమసుందరి. సంచిలోంచి నోటుపుస్తకం తీసి, కలం కోసం వెతుక్కుంటోంది.

"మీ కంపెనీలో, ఉన్నది ఉన్నట్టు చెప్పి మాట పడ్డవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నారాయన.

"ఉన్నాడు మాష్టారూ. ఏసుబాబని, ఆపరేటరు. ఎండాకాలంలో, వేడి చూపించే మీటరు సరిగా లేదన్నాడు. ప్లాంటు హెడ్ మీటింగులో, మా అందరి ముందూ..." అని, మిగతాది చెప్పకుండా ఆగిపోయింది. చేతిలో పుస్తకం అలాగే ఉంది.

విశ్వపతి గారు గొంతు పెంచకుండానే అడిగారు.

"అప్పుడు నువ్వు ఎటు చూస్తున్నావమ్మా?"