కరణం ఇంట్లో గురువుగారి బస

ఏకామ్రయ్యగారిని ఏదైనా అడిగిన శిష్యుడికి జవాబు వెంటనే దొరికేది కాదు. ఆయన విని, తలూపి, తన పని తాను చూసుకునేవారు. జవాబు ఆ తర్వాత ఎప్పుడో, ఎటునుంచో వచ్చి మీద పడేది. రేగులపాడు కరణం గుండనకు ఈ సంగతి తెలుసు. తెలిసి కూడా ఆ ఆషాఢంలో ఆయన దగ్గరికే వెళ్ళాడు, ఎందుకంటే ఊరి బరువంతా అప్పుడు అతని గంటం మీదే ఉంది.

జరిగింది ఇది. రేగులపాడు కట్టిననాడు ఆనాటి రాజు ఒక రాగిరేకు రాయించి ఇచ్చాడు: ఇంటివాళ్ళు రమ్మంటే తప్ప రాజభటుడెవడూ ఈ ఊళ్ళో ఏ గడపా దాటరాదని. ఇప్పుడు ఏటి గట్టున దిగిన సేనాని, వానాకాలం నాలుగు నెలలూ ఇంటికిద్దరు చొప్పున తన భటులకు బస కావాలనీ, రేకు మీది ఆ మాటను ఊరే వదులుకోవాలనీ మర్యాదగానే కబురు పెట్టాడు. జవాబు రాసే పని పెద్దలు గుండనకు అప్పగించారు. గడువు ఐదు రోజులు.

"వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, అయ్యగారూ. నిరుడు మన పశువుల్ని దొంగల చేతుల్లోంచి విడిపించింది వాళ్ళే. అలాంటి మనుషులకి నాలుగు నెలలు చోటిస్తే కొంప మునుగుతుందా? ఆ రేకు పట్టుకుని వేలాడటం మనకే చిన్నతనం కాదూ?" అన్నాడు గుండన.

ఏకామ్రయ్యగారు విని, తలూపి, తమలపాకుకి సున్నం రాసుకున్నారు. మర్నాడు పొద్దున్నే చంకలో మూటతో గుండన ఇంటికొచ్చి, ఎవరూ పిలవకుండానే నడవలోకి నడిచి, మంచం వాల్చుకుని కూర్చున్నారు. "ఇక్కడుంటాను" అన్నారు. ఎన్నాళ్ళని గుండన అడగలేదు. గురువును అలా అడిగే నోరు ఎవరికుంటుంది?

ఆయన వల్ల ఇబ్బందేమీ లేదు, ఆ మాట ముందే ఒప్పుకోవాలి. పెట్టింది తిన్నారు, పల్లెత్తు మాట అనలేదు. గుండన భార్య మైలమ ఆయన్ని కన్నతండ్రిలా చూసేది కూడా. అయినా రెండో రోజుకే ఇల్లు ఇల్లులా లేకుండా పోయింది. తిరగలి విసురుతూ పాడుకునే మైలమ పాట మానేసింది. తలంటుకున్న జుట్టు ఆరబెట్టుకోవడానికి పెరట్లో మూల వెతుక్కుంది. అన్నిటికన్నా వింత, ఆ మొగుడూ పెళ్ళాం పోట్లాడుకోవడం మానేశారు. రోజూ భోజనాల దగ్గర ఉప్పు గురించో, అత్తగారి గురించో కాసేపు కీచులాడుకుని, ఆ మీదట నవ్వుకుంటూ లేచే జంట అది. ఇప్పుడు "పెట్టనా", "చాలు", అంతే. గుండన తన ఇంట్లో తనే కాళ్ళు ముడుచుకుని కూర్చోవడం మొదలెట్టాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం మైలమ ఇంట్లో కనిపించలేదు. వెతగ్గా వెతగ్గా పశువులపాకలో, గేదె పక్కన, ఒళ్ళో కంచం పెట్టుకుని తింటోంది.

"ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాడు గుండన.

"అన్నం తింటున్నాను. ఆయన్ని మాత్రం ఏమీ అనకండి, దేవుడిలాంటి మనిషి. కాని నడవలో ఆయనుంటే నాకు ముద్ద దిగడం లేదు." గేదె మూతిని అవతలికి నెట్టి, "మీతో పోట్లాడి నాలుగు రోజులైంది" అంది. అంటూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

గుండన గడ్డిమోపు మీద కూలబడ్డాడు. భార్య మీద అతనికి ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఇద్దరేసి, నాలుగు నెలలు. వాళ్ళ చేతుల్లో ఈటెలు కూడా ఉంటాయి. మంచివాళ్ళే కావచ్చు.

ఆ సాయంత్రమే జవాబు రాశాడు. రాగిరేకు మీది మాట వదులుకోలేం. ఊరి బయట మెరక మీద భటులకు పాకలు మేమే వేసిస్తాం, మొదటి నెల బియ్యం కూడా మేమే ఇస్తాం. "వానలో తడుస్తారు పాపం, పాకలు ముందు వేయించండి" అని తొందరపెట్టింది మైలమే. సేనాని కాస్త గొణిగినా చివరికి ఒప్పుకున్నాడు, అది తర్వాతి సంగతి.

రాసింది చదివి వినిపిస్తే గురువుగారు విని, తలూపారు. మూట చంకన పెట్టుకుని గడప దాటారు. వీధిలో నాలుగడుగులు వేశారో లేదో, మైలమ వాకిట్లోకి పరుగెత్తి, గోంగూర పప్పు పొయ్యి మీదుందనీ, తినకుండా వెళ్ళడానికి వీల్లేదనీ కేకేసింది. ఆ గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

ఏకామ్రయ్యగారు వెనక్కి వచ్చి గడప బయటే నిలబడ్డారు. మైలమ కాళ్ళకి నీళ్ళిచ్చి, లోపలికి రమ్మన్నాక గాని అడుగు పెట్టలేదు. పీట మీద కూర్చుంటూ గుండనతో అన్నారు:

"నాలుగు రోజులు మీ ఇంట్లో తిన్నాను నాయనా. భోజనానికి వచ్చింది మాత్రం ఇవాళే."