దొరగారి బదులు బస్కీలు

తుమ్మలవాక దొర మొక్కులు తీర్చడానికి కూడా తన బదులు ఇంకొకరిని పంపే రకం. చల్లబడ్డ కాళ్లలో రక్తం పారాలంటే, కాల్చిన ఇటుకలు పేర్చిన వేడిగదిలో రోజూ బస్కీలు తీయమన్నాడు వైద్యుడు. దొర ఆ పని కూలివాడు మైలప్పకు పురమాయించి, తాను బయట విసనకర్ర గాలికి కూర్చున్నాడు.

నెల తిరిగేసరికి మైలప్ప నిగనిగలాడాడు. దొర కాళ్లు మాత్రం చల్లగానే ఉన్నాయి.

"నాకు రావలసిన రక్తం నువ్వు కాజేశావు! ఊరు విడిచి పో!" అని దొర నిండు కొలువులో అరిచాడు.

"చిత్తం దొరా! నా బదులు తమరు వెళ్లండి" అన్నాడు మైలప్ప. "ఒకరి పని ఇంకొకరు చేస్తే సరిపోతుందని తమరేగా నేర్పారు!"

కొలువంతా నోటికి ఉత్తరీయాలు అడ్డం పెట్టుకుంది. దొర ముఖం చెవులదాకా ఎర్రబడింది.

"హమ్మయ్య, రక్తం కదిలింది" అన్నాడు వైద్యుడు.

దొర తలెత్తలేక లేచి, వేడిగదిలోకి ఒక్కడే వెళ్లి తలుపేసుకున్నాడు.